అంచులు కలిస్తే చాలు

మన సంఘం వార్షికోత్సవాలలో పిల్లల కొరకు విజ్ఞాన ప్రదర్శన ఒకటి ఏర్పాటు కావడం ఆనవాయితీగా వస్తున్నది. అట్టల మీద అంటించిన గ్రహమండలాలు, వంటసోడాతో పొంగే అగ్నిపర్వతాలు, ప్రశ్నోత్తరాల పోటీలు అందులో కనిపిస్తాయి. ఇవన్నీ మంచివే. అయితే ఒక పిల్లవాడు పది వారాలపాటు ఒకే పనికి అంకితమై, తన చేత్తో కొలిచి, కోసి, కలిపి, చివరకు తాను చేసినది పక్కింటివారు చేసినదానితో అతికేటట్లు చూసుకోవలసిన ప్రదర్శన వీటిలో ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చగల అభిరుచి ఒకటి ఉన్నది. రైలుమార్గపు నమూనాలను చిన్న చిన్న ఖండాలుగా నిర్మించి, ఒకచోట చేర్చి, వాటిమీద రైలు నడపడమే ఆ అభిరుచి. దీనిని మన సంఘాలు చేపట్టాలని పాఠకులకు ప్రతిపాదిస్తున్నాను.

రైలు నమూనా అనగానే మనవారికి స్ఫురించేది బేస్‌మెంటు నిండా పట్టాలు పరుచుకున్న ఒక విశ్రాంత అమెరికన్ ఉద్యోగి రూపం. అది డబ్బూ తీరికా ఉన్నవారి వ్యసనమనీ, మనకు సంబంధించినది కాదనీ అనుకుంటాం. ఖండాల పద్ధతి తెలిసినవారికి ఈ అభిప్రాయం నిలువదు.

ఒప్పందం ఎక్కడ, స్వేచ్ఛ ఎక్కడ

అమెరికాలో జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం 1935లో మిల్వాకీ నగరంలో ఏర్పడింది. ఒక తయారీదారు చక్రం మరొక తయారీదారు పట్టామీద పడిపోకుండా నడవాలంటే ఇద్దరూ కొన్ని కొలతలకు కట్టుబడాలి. ఆ కొలతలను నిర్ణయించడం ఆ సంఘపు తొలి కర్తవ్యాలలో ఒకటి. పట్టాలు కుదిరిన తరువాత, పట్టాలను మోసే బల్లలు కూడా కుదరకూడదా అన్న ఆలోచన వచ్చింది. 1973లో దక్షిణ కాలిఫోర్నియాలో ఎన్-ట్రాక్ అనే పద్ధతి రూపొందింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బల్లమీద మూడు పట్టాల జతలు నిర్ణీత దూరాలలో ఉంటాయి. ఎవరి ఇంట్లో వారు తమ ఖండాన్ని నిర్మించుకుంటారు. ప్రదర్శన రోజున అందరివీ వరుసగా బిగిస్తే రైలు ఒకరి ఊరినుండి మరొకరి ఊరికి పోతుంది.

నాలుగడుగుల బల్లను అపార్ట్‌మెంటులో ఉంచుకోవడం, కారులో తీసుకువెళ్ళడం కష్టం. జపానులోని ఇరుకు ఇళ్ళలో దీనికి పరిష్కారం దొరికింది. అక్కడినుండి 2001 ప్రాంతంలో అమెరికాకు వచ్చిన టి-ట్రాక్ పద్ధతిలో ఒక్క ఖండం పొడవు 308 మిల్లీమీటర్లు మాత్రమే, అనగా ఒక అడుగుకన్న కాస్త ఎక్కువ. దానికి కాళ్ళు ఉండవు. ఏ బల్లమీదనైనా పెట్టవచ్చు. దానిపై 310 మిల్లీమీటర్ల పట్టాలు రెండు వరుసలుగా ఉండి, ఇరువైపులా ఒక్కొక్క మిల్లీమీటరు బయటికి వస్తాయి. పక్కపక్కన పెట్టి నొక్కితే పట్టాల చివరనున్న కొక్కేలే ఖండాలను కలిపి ఉంచుతాయి. నాలుగు మూలల అడుగున మరలు ఉంటాయి కనుక ఎత్తుపల్లాలను సరిచేసుకోవచ్చు.

ఈ పద్ధతి నియమాలన్నీ దాదాపుగా అంచుకు సంబంధించినవే. రెండు వరుసల నడుమ దూరం 33 మిల్లీమీటర్లు ఉండాలి, పట్టాల ఎత్తు సమానంగా ఉండాలి, విద్యుత్తు తీగల రంగులు ఒకే విధంగా ఉండాలి. అంచులు దాటి లోపలికి వస్తే కర్త ఇష్టమే చట్టం. ఒకరు మంచుకొండను చేయవచ్చు, పక్కవారు సంతను చేయవచ్చు. రైలుకు ఆ తేడా పట్టదు.

నూట అరవయ్యో వంతు ప్రపంచం

ఈ నమూనాల నిష్పత్తి 1:160. పిల్లలకు లెక్కలు నేర్పడానికి ఇంతకన్న మంచి సంఖ్య దొరకదు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి ఇక్కడ సరిగ్గా ఒక సెంటీమీటరు. 16 మీటర్ల కొబ్బరిచెట్టు 10 సెంటీమీటర్లు. మన భారతీయ దుకాణాలలో దొరికే చీపురులోని కొబ్బరి ఈనె రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే, అది ఈ లోకంలో 32 సెంటీమీటర్ల మాను. కొబ్బరిచెట్టు మొదలుకు సరిపోయే ముడిసరుకు కొబ్బరాకులోనే ఉన్నదన్నమాట!

308 మిల్లీమీటర్ల ఖండాన్ని 160తో గుణించండి. 49.28 మీటర్లు వస్తుంది. ఈ సంఖ్య మన గోదావరిని గుర్తుకు తెస్తుంది. రాజమహేంద్రవరానికీ కొవ్వూరుకూ నడుమ 1900లో రాకపోకలు మొదలైన హేవ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయి. ఒక్కొక్క ఖానా 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. నమూనాలో అది 286 మిల్లీమీటర్లు. ఖండంలో మిగిలిన 22 మిల్లీమీటర్లు మూడున్నర మీటర్ల రాతి స్తంభానికి చోటిస్తాయి. ఒక ఖానా, ఒక స్తంభం, ఒక ఖండం. ఇవి ఇంత చక్కగా అమరడం కేవలం యాదృచ్ఛికమే అయినా, ఆ యాదృచ్ఛికాన్ని మనం వాడుకోకపోవడం నష్టం.

దాని పక్కనే 1997లో పూర్తయిన విల్లు ఆకారపు వంతెనకు 28 ఖానాలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు, అనగా నమూనాలో 610 మిల్లీమీటర్లు. టి-ట్రాక్‌లో జంట ఖండం పొడవు 618 మిల్లీమీటర్లు. ఇదికూడా ఇమిడిపోతుంది. పాత వంతెనకు 56 కుటుంబాలు కావాలి, కొత్త వంతెనకు 28 చాలు. ఏది నిర్మించినా మొత్తం పొడవు 17 మీటర్ల పైచిలుకు. మన ఉత్సవాలు జరిగే హోటలు హాలులో ఒక గోడ వెంబడి బల్లలు వరుసగా వేస్తే సరిపోతుంది.

నా మొగ్గు పాత వంతెనవైపే. మనలో ఒక తరంవారు దాని మీదుగా ప్రయాణించారు, కిటికీలోనుండి నదిలోకి పైసలు విసిరారు. 1997లో అది రైళ్ళనుండి విశ్రాంతి పొందింది. ఆ తరువాత పుట్టిన మన పిల్లలకు దానిమీద ప్రయాణం ఎట్లుండేదో చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

నిష్పత్తికి లొంగని సంగతులు

నేను వృత్తిరీత్యా రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి. ఈ పనిలో నన్ను ఆకర్షించేది పదార్థాల ప్రవర్తన. కొలతలను 160తో భాగించవచ్చును గాని ప్రకృతి నియమాలను భాగించలేము. పిల్లలకు విజ్ఞానం అర్థమయ్యే చోటు అదే.

నదిని చేయాలి కదా, నీరు పోస్తే పోదా అని పిల్లవాడు అడుగుతాడు. పోసి చూడమనండి. నీటికి తలతన్యత ఉన్నది. గట్టు దగ్గర నీరు రెండు మిల్లీమీటర్లు పైకి ఎగబాకుతుంది. ఈ లోకంలో అది 32 సెంటీమీటర్ల వంపు! ఏ నదీ గట్టునంటి అట్లా వంగి ఉండదు. అందుచేత నీటిని రంగుతోను, దానిపై మెరుగునిచ్చే పారదర్శక పూతతోను చిత్రించాలి. ఇందుకు కొందరు ఎపాక్సీ జిగురు పోస్తారు. దాని రెండు భాగాలూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. మందంగా పోస్తే ఆ వేడి బయటికి పోలేక పూత పగులుతుంది. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పడనిది కూడా. పిల్లలున్న ఇంట్లో నీటితో కలిసే ఆక్రిలిక్ మెరుగుపూతను పలుచగా నాలుగైదుసార్లు వేయడమే ఉత్తమమని నా సలహా.

పట్టాల నడుమ కంకర పోసి అతికించే పని మరొక పాఠం. పొడి కంకరమీద జిగురునీళ్ళ చుక్క వేస్తే అది తామరాకుమీది నీటిబొట్టువలె గుండ్రంగా నిలిచి, కంకరనే తనతో దొర్లిస్తుంది. ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు చిలకరించి, జిగురునీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేస్తే అదే చుక్క చటుక్కున ఇంకిపోతుంది. నీటి తలతన్యత 72 మిల్లీన్యూటన్లు, ఆల్కహాలుది సుమారు 21 అని పుస్తకంలో చదివితే మరచిపోతారు. కంకర దొర్లినప్పుడు చూస్తే మరచిపోరు. తెల్ల జిగురు ఎండిన తరువాత ఎందుకు తెల్లగా ఉండదు? అందులోని పాలీవినైల్ అసిటేటు కణాలు నీటిలో తేలుతూ వెలుగును చెదరగొడతాయి కనుక పాలవలె కనిపిస్తుంది. నీరు ఆవిరై కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోగానే చెదరగొట్టేది లేక పారదర్శకమవుతుంది.

గట్టును ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేస్తారు. జిప్సం రాతిని సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి, దాని స్ఫటికాలలోని నీటిలో నాలుగింట మూడు వంతులు వెళ్ళగొడితే ఆ పొడి వస్తుంది. మనం నీరు కలిపినప్పుడు అది పోగొట్టుకున్న నీటిని తిరిగి తీసుకుని మళ్ళీ రాయి అవుతుంది. అప్పుడు గిన్నెను పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. రాతిని కాల్చిననాడు దానిలో చేరిన శక్తిలో కొంత ఇప్పుడు బయటపడుతున్నదని పిల్లలకు చెప్పవచ్చు. పాత ప్లాస్టరు ముక్కలు గిన్నెలో మిగిలి ఉంటే కొత్తది తొందరగా గడ్డకడుతుంది. ఆ ముక్కలు స్ఫటికాలకు విత్తనాలు. మన ఇళ్ళలో పాలు తోడుపెట్టడం చూసిన పిల్లలకు ఈ పోలిక చప్పున అందుతుంది, కారణాలు వేరైనప్పటికీ.

ఖండం అడుగున తేలికైన పాలీస్టైరీన్ ఫోమును వాడతారు. దానిమీద డబ్బా రంగును చల్లితే అందులోని ద్రావకం ఫోమును కరిగించి గోతులు చేస్తుంది. నీటిరంగు వేస్తే ఏమీ కాదు. సజాతీయం సజాతీయాన్ని కరిగించుకుంటుందన్న సూత్రానికి ఇంతకన్న నాటకీయమైన ప్రదర్శన ఉండదు. ఆరుబయట, పెద్దల సమక్షంలో ఒక్కసారి చేసి చూపించండి.

ఇక రంగుల సంగతి. వరదనాటి గోదావరి రంగుకు ఎర్రమన్ను, అనగా ఇనుప ఆక్సైడు ఉన్న రంగు వాడాలి. ఇనుము తుప్పుపట్టవలసినంతా పట్టిన స్థితి అది; వెలుతురు దాన్ని ఇంకేమీ చేయలేదు. పసుపుతో అద్దిన రంపపుపొట్టు మొదట చూడముచ్చటగా ఉంటుంది గాని, పసుపులోని రంగుద్రవ్యం వెలుతురుకు విరిగిపోయి కొద్ది వారాలలో వెలిసిపోతుంది. ముగ్గుల కాలంనుండి మన ఇళ్ళలో ఉన్న ఈ రెండు రంగుల మధ్య ఇంత భేదం ఉన్నదని చూపడానికి ప్రయోగశాల అక్కరలేదు.

ఇంటినుండి తెచ్చిన గోదావరి ఇసుకనే వాడదామన్న భావుకత కూడా ఇక్కడ పనికిరాదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ లోకంలో 8 సెంటీమీటర్ల గులకరాయి. పైగా నది ఇసుకలోని నల్లని ఇనుప రేణువులు ఇంజను మోటారులోని అయస్కాంతానికి అతుక్కుంటాయి. తెల్లని తిన్నె కనిపించాలంటే మెత్తని పొడి కావాలి. అసలైనది నిజంగా కనిపించకపోవడం, నకిలీ నిజమనిపించడం ఈ శిల్పంలో మామూలే.

కొన్ని ఆక్షేపణలు

ఇంత శ్రమపడినా వంతెన యథాతథం కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 160తో భాగిస్తే పదిన్నర మిల్లీమీటర్లు రావాలి. దొరికే పట్టాలు 9 మిల్లీమీటర్లవి, ఎందుకంటే అవి అమెరికా, ఐరోపాలలోని 1435 మిల్లీమీటర్ల మార్గానికి లెక్కగట్టినవి. హేవ్‌లాక్ వంతెనమీద ఒకే మార్గం ఉండేది, టి-ట్రాక్‌లో రెండు వరుసలు తప్పవు. మలుపులు మరీ ఇరుకు. ఇవన్నీ పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఏ నమూనా అయినా, అది పరమాణువు నమూనా అయినా సరే, కొంత వదలుకుని కొంత చూపుతుంది. ఏమి వదిలామో తెలిసి వదలడమే శాస్త్రీయత.

కంప్యూటరు తెరమీద ఇంతకన్న అందమైన రైళ్ళు నడుస్తున్నాయి గదా అన్నది రెండో ఆక్షేపణ. తెరమీది రైలు పట్టా తప్పితే ఆ తప్పు ఎవరో రాసిన సూచనలలో ఉంటుంది. బల్లమీది రైలు పట్టా తప్పితే కారణం వేలితో తడిమి కనుక్కోవలసి ఉంటుంది. నికెల్ సిల్వర్ అని పిలిచే పట్టా లోహంలో వెండి లేదు. రాగి, నికెలు, తుత్తునాగం ఉన్నాయి. విద్యుత్తుకు అది రాగికన్న పదిరెట్లకు పైగా అడ్డుపడుతుంది. కనుక 17 మీటర్ల మార్గానికి ఒక్కచోట 12 వోల్టులు ఇస్తే దూరం పోయేకొద్దీ ఇంజను నీరసిస్తుంది. అడుగున రాగితీగ వేసి అక్కడక్కడ పట్టాలకు కలపాలి. ఆగిపోయిన రైలు ముందు నిలబడి ఈ సంగతిని తానే ఊహించిన బాలికకు ఓమ్ సూత్రం మరొకరు బోధించనక్కరలేదు.

కళాశాల ప్రవేశానికి ఇది ఉపకరిస్తుందా అని మూడో ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు నేను సమాధానం వెదకను. ప్రతి పనినీ ఆ తక్కెడలోనే తూచడం వల్ల మన పిల్లలకు పోటీలు గెలవడం వచ్చింది, ఒక వస్తువును మొదటినుండి చివరదాకా నిలబెట్టడం రాలేదు. ప్రయోగశాలకు వచ్చే యువకులలో లెక్క చేయగలవారికి కొదవ లేదు; పరికరం మొరాయించినప్పుడు దాని మూత తీసి చూసే ధైర్యం కలవారు అరుదు. అది పదేళ్ళ వయసులో అలవడితేనే తేలిక.

మాటలు వస్తువులతో వస్తాయి

ఈ ప్రతిపాదనకు అసలు ప్రయోజనం మరొకటి ఉన్నది. మన ఊళ్ళనుండి తల్లిదండ్రులు వచ్చి ఆరు నెలలు మన ఇళ్ళలో ఉంటారు. కారు నడపలేక, ఎండలో నడిచే వీథి లేక, టెలివిజను ముందు కాలం గడుపుతారు. మనవలకు వారి భాష అంతంతమాత్రం, వారికి మనవల భాష అంతంతమాత్రం. ఇద్దరి మధ్య ఒక ఫోము ముక్క, ఒక జల్లెడ, ఒక జిగురు సీసా పెట్టి చూడండి. లంక అంటే ఏమిటో చెప్పాలంటే నది నడుమ దాన్ని నిలబెట్టాలి. తిన్నె, పాయ, రేవు, ఏటిగట్టు, రెల్లుదుబ్బు అన్న మాటలు పాఠ్యపుస్తకంలో అర్థాలతో వస్తే పరీక్షదాకా ఉంటాయి. చేతికి అంటిన రంగుతో వస్తే చిరకాలం ఉంటాయి. మన ఆదివారపు తెలుగు బడులలో పిల్లలకు మాటలు చెబుతున్నాం, ఆ మాటలు అంటిపెట్టుకోవడానికి వస్తువులను ఇవ్వడం లేదు. లంకలలో అరటి ఎక్కడ, పొగాకు ఎక్కడ, పడవ ఏ రేవున ఆగుతుంది అన్నది తాతగారికి తెలుసు. ఆ తెలివిని అడిగే సందర్భమే మన ఇళ్ళలో లేకుండాపోయింది.

గోదావరి చూడని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. వరంగల్లువారు, కడపవారు, చిత్తూరువారు ఏమి చేయాలి? వంతెనకు ఇరువైపులా ఖండాలు కావాలి గదా. చివరలు తిప్పి మార్గాన్ని మూసే మలుపులు కావాలి. అక్కడ ఎవరి ఊరి చెరువుగట్టు వారు కట్టుకోవచ్చు, ఎవరి రాతిగుట్ట వారు నిలుపుకోవచ్చు. మన రాష్ట్రాలు రెండైనవి గాని 33 మిల్లీమీటర్ల దూరం అందరికీ ఒకటే.

నీటి రంగు, వాతావరణం కూడా నియమంలో చేర్చాలని, లేకపోతే నది అతుకుల బొంతవలె ఉంటుందని కొందరు తప్పక అంటారు. నేను ఈ అభిప్రాయంతో ఏకీభవించను. ఒకరి జ్ఞాపకంలో గోదావరి ఆగస్టు వరద. మరొకరి జ్ఞాపకంలో ఏప్రిల్ ఎండ, సగం ఇసుక. ఏది తప్పు? నియమం ఒకటి పెరిగినప్పుడల్లా పాల్గొనేవారు కొందరు తగ్గుతారు. నదిమట్టం ఎత్తు అంచున సమానంగా ఉంటే చాలు. వర్ణం విషయంలో 56 ఇళ్ళకు 56 నదులు ఉండనివ్వండి. మన సంఘాల సమావేశాలలో కూర్చున్నవారికి ఈ సూత్రం ఇంకెక్కడ వర్తిస్తుందో నేను చెప్పనక్కరలేదు.

ప్రారంభానికి 56 కుటుంబాల కొరకు వేచి ఉండనవసరం లేదు. ఎనిమిది ఖానాలు, నాలుగు మలుపులు, ఆ మలుపులను కలపడానికి మరికొన్ని తిన్నని ఖండాలు ఉంటే రైలు తిరుగుతుంది. ఖండపు పెట్టెలకు కోసిన చెక్కముక్కలు దుకాణాలలో సిద్ధంగా దొరుకుతాయి. పలక కొని స్వయంగా కోసుకున్నా సరే. సంఘం చేయవలసినది కొద్దిపాటే: అంచుల కొలతలు ఒక కాగితం మీద తెలుగులోను, ఆంగ్లంలోను ముద్రించి పంచడం, ఆ కొలతకు సరిచూసే చెక్కపట్టీ ఒకటి ఒక్కొక్క ఊరిలో ఒకరి వద్ద ఉంచడం, ఉత్సవం హాలులో ఒక గోడను కేటాయించడం. మిగిలినది ఇళ్ళలో జరుగుతుంది.

నిజమైన వంతెనను గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దాటడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. దూరాన్నీ వేగాన్నీ ఒకే సంఖ్యతో భాగిస్తాం కనుక నమూనాలోనూ అదే రెండు నిమిషాలు. కాలం మాత్రం 160వ వంతుకు తగ్గదు. ఆ రెండు నిమిషాలలో మీ ఇంటి ఖానా మీద రైలు ఉండేది రెండు క్షణాలే. మిగిలినదంతా ఇతరుల ఇళ్ళ మీదుగా సాగుతుంది. వచ్చే ఏడాది ఉత్సవానికి ఒక ఖానా తేదలచినవారు ఇప్పటినుండే ఒక అడుగు చెక్క, ఒక కొబ్బరి చీపురు, ఇంటికి వచ్చిన పెద్దవారిని సిద్ధం చేసుకోవలసిందిగా మనవి.